ఇంటి గుర్తు అడిగిన మనిషి

1962 మే 15, మంగళవారం. మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. చేరాక చేసిన పనులు: వీధి కుళాయి నుంచి నాలుగు బిందెల నీళ్ళు, వారం రోజుల మాసిన బట్టలు ఉతికి ఆరేయడం, పురుగు పట్టిన బియ్యం జల్లించి ఎండలో పోయడం, సాయంత్రం వంట. చెల్లెలు కట్టి ఇచ్చిన ఊరగాయను జాడీకి ఎత్తడం రేపటికి మిగిలింది. వంటిల్లు సర్దుకుని ఇది రాస్తున్నాను.

బెళుగుప్పలో ఉండే మా చెల్లెలు గడప తగిలి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఊరగాయలు పెట్టే కాలంలో ఇంటి ఇల్లాలికి చెయ్యి ఆడకపోతే ఆ ఇబ్బంది ఏడాదంతా ఉంటుంది. మావారు కచేరీలో గుమాస్తా. ఆయనకు సెలవు దొరకలేదు. అత్తగారికి వంటిల్లు అప్పగించి పోయిన మంగళవారం నేనొక్కదాన్నే బయలుదేరాను. ఆ దారిన ఒంటరిగా పోవలసిన ఆడవాళ్ళకు పనికొస్తుందని అన్నీ వరసగా చెబుతాను.

అనంతపురం నుంచి బెళుగుప్పకు నేరుగా బస్సు దొరకలేదు. కళ్యాణదుర్గంలో దిగి మారాలి. పొద్దున ఆరున్నర బస్సుకు పోతే ఎండ ముదరకముందే కళ్యాణదుర్గం చేరవచ్చు. టికెట్ రూపాయిన్నర. డ్రైవరు వెనక రెండు బెంచీలు ఆడవాళ్ళవి. కిటికీలకు అద్దాలు లేవు, గుడ్డ తెరలే. ఊరు దాటగానే ఎర్రదుమ్ము లేచి ఒళ్ళో పడుతుంది కాబట్టి తెల్లచీర కట్టుకోవద్దు. రెండు పక్కలా దున్ని పెట్టిన మెట్టచేలు వాన కోసం ఖాళీగా ఉన్నాయి. దారిలో కనబడిన చెరువులో మేకలు అటునుంచి ఇటు నడిచి వస్తున్నాయి.

నేను చేసిన మొదటి తప్పు మరచెంబు మూత వంకరగా బిగించడం. ఊరి పొలిమేర దాటేలోపే నీళ్ళన్నీ సంచిలోకి కారిపోయి, చెల్లెలి కోసం తీసుకున్న పసుపు పొట్లం ముద్దయింది. నేను సంచి దులుపుకుంటుంటే వెనక బెంచీ నుంచి ఒకాయన పలకరించాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో గొడుగు తప్ప ఇంకే సామానూ లేదు. ఆ గొడుగు వెదురు పిడి చీలితే ఇత్తడి తీగ చుట్టించుకున్నాడు.

"యాడికక్కా పయనం?"

"కళ్యాణదుర్గం."

"నేనూ ఆడికే. సెనక్కాయల బేరం మాది. అన్న రాలేదా?"

"వెనక బస్సుకు వస్తాడు."

"మరి ఇంటికాడ ఎవరుండారు?"

"శానామంది ఉండారు."

"ఉత్తినే అడుగుతాండా లేక్కా, పొద్దు పోవాల గదా. పాడి ఉండాదా మీకు?"

"రెండు ఎనుములు ఉండాయి," అన్నాను. మా ఇంట్లో ఎనుము కాదు గదా, కోడి కూడా లేదు. ఎందుకు అబద్ధమాడానో అప్పుడు నాకే తెలియలేదు. బస్సులో ఎవరైనా ఊరేది, పేరేది అని అడుగుతారు. ఆయన నన్ను గురించి అడగడం లేదు, నేను వదిలి వచ్చిన ఇంటిని గురించి అడుగుతున్నాడు. నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను.

ఆత్మకూరుకు ముందు రోడ్డు పక్కన ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ ఒకామె చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కి నా పక్కన కూర్చుంది. భుజాన సొరబుర్రలో నీళ్ళు. బుర్ర మూతికి పచ్చగుడ్డ బిరడా. పేరు ఓబులమ్మ అని చెప్పింది. కూతురికి కళ్యాణదుర్గం ఆసుపత్రిలో నొప్పులు మొదలైనాయట. తడిసిన నా సంచి చూసి, అడగకుండానే బుర్ర అందించింది.

"తాగమ్మా. ఈ ఎండకు నోరు ఎండబెట్టుకోని యాడికి పోతావు."

ఆ పల్లెలో బావి అడుగంటితే మైలు దూరం పోయి తెచ్చుకున్న నీళ్ళవి. సగం బుర్ర నేనే తాగాను. తర్వాత ఆ సంగతి తెలిసి సిగ్గుపడి, చెంబెడు నీళ్ళు ఆమెకు బాకీ అని మనసులో రాసుకున్నాను.

వెనకాయన ఆమెతో మాట కలిపాడు. నా దగ్గర దొరకనిదంతా ఓబులమ్మ దగ్గర దొరికింది. పెనిమిటి గొర్రెలు తోలుకుని మేత కోసం మడకశిర దాటి కన్నడసీమలోకి పోయినాడు. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. రెండు మూటలు విత్తనపు వేరుశనగ కాయలు అటక కింద ఉన్నాయి. పోయినేడు పంట సగం ఎండినా, కడుపు కట్టుకుని అవి దాచినారు. తొలకరికి అవి నేలలో పడితేనే వాళ్ళకు వచ్చే ఏడు.

"ముసలామె ఒక్కతేనా? ఎవరన్నా వచ్చి మోసుకపోతే?" అన్నాడు ఆయన జాలిగా.

ఓబులమ్మ నవ్వింది. "మా యత్తనా? గుర్తు చెప్పకుంటే కన్నకొడుక్కు కూడా చీపురుపుల్ల ఇయ్యదు."

ఈ గుర్తు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా తట్టు ఇంటి నుంచి ఏదైనా తెమ్మని మనిషిని పంపితే ఉట్టి మాట మీద ఇంట్లోవాళ్ళు ఇవ్వరు. ఆ ఇంటివాళ్ళకు తప్ప బయటికి తెలియని చిన్న సంగతి ఒకటి చెప్పి పంపాలి. మావారు కచేరీ నుంచి బంట్రోతును పంపినా, పొద్దున చారులో ఉప్పు ఎక్కువైందనో, చెప్పుల జత ఏ మూల ఉందనో చెప్పి పంపుతారు. అది వింటేనే నేను వస్తువు ఇస్తాను.

"మీ తట్టు ఏం గుర్తు చెప్తారక్కా? మా తట్టయితే కుండల లెక్క చెప్తారు," అన్నాడాయన.

"ఏదో ఒకటి. ఈ పొద్దే చూడు, కూతురి దిగుల్లో సంగటి మాడబెట్టినా. అత్త తిట్టిన తిట్టు తిట్టలా. ఎర్రావు కొమ్ము గోడకు తగిలి విరిగినాది, అదీ నా నెత్తినే ఏసినాది. ఇట్లాంటియి ఎన్ని లేవు మా ఇంట్లో," అని ఓబులమ్మ మళ్ళీ నవ్వింది.

ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆత్మకూరు దాటాక ఒక టీ అంగడి దగ్గర బస్సు ఆగుతుంది. టీ పది పైసలు, పొట్లం బొరుగుల ఉగ్గాణి తిన్నా పావలా దాటదు. కళ్యాణదుర్గం నుంచి వచ్చే బస్సు కూడా అక్కడే కలుస్తుంది. మేము దిగేసరికి అది వచ్చి నిలబడి ఉంది. గొడుగాయన గబగబా దిగి దానివైపు నడిచాడు.

మా కండక్టరు ఆశ్చర్యపోయాడు. "ఏమప్పా, కళ్యాణదుర్గానికి టికెట్ కొంటివి?"

"అనంతపురంలో సంచి మరిచినా. మళ్ళా పోవాల."

మరిచిపోయిన సంచి మాట బస్సు కదిలింది మొదలు ఇంతసేపూ ఆయన నోట రాలేదు. నేను ఓబులమ్మను పక్కకు పిలిచి చెప్పాను. మీ ఇంట్లో ఎవరున్నారో చెప్పావు, ఏముందో చెప్పావు, గుర్తు కూడా చెప్పావు. ఆయన ఇప్పుడు మీ పల్లె మీదుగా వెనక్కి పోతున్నాడు.

"ఏందమ్మా ఆ మాట, మంచోడు మాదిరి ఉండాడు," అంది. తర్వాత ఆమె చెయ్యి నా మోచేతి మీద పడింది. "బండి గట్టించుకోని పోయి, కోడలు కాయలు అమ్మినాది, మూటలు ఎత్తమన్నాది అంటే? సంగటి మాడినాది అంటే మా యత్త ఇచ్చేస్తాదమ్మా."

ఆమె వెనక్కి పోవాలంటే ఆ బస్సే ఎక్కాలి. ఎక్కితే కూతురి దగ్గర ఆడదిక్కు ఉండదు. అల్లుడు ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తున్నాడట. ఆమె రెండు బస్సుల మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది.

కళ్యాణదుర్గం నుంచి వచ్చిన బస్సు డ్రైవరు ఖాసిం అన్న. ఏళ్ళ తరబడి అదే దారిన నడుపుతున్న మనిషి. అతనితో కబురు పంపుదామన్నాను. మూటలు ఎవరు అడిగినా ఇవ్వవద్దని, సంగటి గుర్తు, ఆవు గుర్తు చెల్లవని చెప్పాలి. అతను సరేనన్నాడు కానీ గడ్డం గోక్కున్నాడు. "నేను చెప్తే ముసలామె నమ్మాల గదమ్మా. నాకూ ఒక గుర్తు ఇయ్యల్ల."

ఓబులమ్మ చాలాసేపు ఆలోచించింది. ఇల్లంతా నోటితో బస్సులో పరిచేసిన మనిషికి ఒక్క గుర్తు దొరకడం కష్టమైంది. చివరికి ఖాసిం అన్న చెవి దగ్గరికి పోయి ఏదో చెప్పింది. అతని ముఖం ఎర్రబడింది.

"ఈ మాట నేను ఆయమ్మతో అనాల్నా?"

"అనాల్సిందేనన్నా. ఇది నాకూ ఆయమ్మకూ తప్ప మూడో మనిషికి తెలీదు."

"అంటే కొడతాది."

"కొడితే తిను. కాయలు నిలబడతాయి."

ఆ బస్సు కిటికీలోంచి గొడుగాయన మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. బస్సు కదిలినప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టాడు.

కళ్యాణదుర్గంలో ఓబులమ్మ ఆసుపత్రి దారి పట్టింది. నేను పదకొండు గంటల బస్సుకు అర్ధరూపాయి ఇచ్చి బెళుగుప్ప చేరాను. ఆ వారం చెల్లెలు చెప్పడం, నేను కోయడం, ఆమె తిట్టడం, నేను కలపడం. మధ్యలో ఒక సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆయన నిజంగానే సంచి మరిచిన మనిషయితే, ఏమీ ఎరుగని వాడి మీద నలుగురిలో దొంగ అని ముద్ర వేసినదాన్ని అవుతాను.

ఈ పొద్దున తిరుగు ప్రయాణంలో కళ్యాణదుర్గంలో ఖాసిం అన్న బస్సే దొరికింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఆయప్ప ఆ పల్లెకే టికెట్ తీసినాడమ్మా. నేను బండి ఆపి ముసలామె ఇంటి తట్టు పోతాంటే, దిగబోయినోడు మళ్ళా కూచున్నాడు. మా కండక్టరు ఊరుకుంటాడా, అనంతపురం దాకా చార్జీ వసూలు చేసినాడు."

"ముసలామె నమ్మినాదా?"

"గుర్తు చెప్పినా. ఈ మాట నీకెవరు చెప్పినార్రా అని చీపురు తీసుకున్నాది. బండిలో వాళ్ళందరూ నవ్విరి. అదే గుర్తమ్మా, కోడలు పంపినాది అంటే అప్పుడు కూచోమన్నాది."

ఆ గుర్తు ఏమిటని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

పల్లె దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఒక ముసలామె గొడుగు వేసుకుని నిలబడి ఉంది. వెదురు పిడి, దానికి ఇత్తడి తీగ. నేను దిగి, ఈ గొడుగు ఎక్కడిదవ్వా అని అడిగాను.

"మూడో పొద్దు వచ్చినాడు ఒకడు, బండి కట్టించుకోని. నీ కోడలు పంపినాది, సంగటి మాడినాది అన్నాడు. మాడిన సంగటి ఉండాది, తిని పో అన్నా. ఎర్రావు అన్నాడు. ఆవును విప్పినా. కొమ్ము ఒకటే అయినా బాగా పొడుస్తాది. గొడుగు ఆడే పారేసి పోయినాడు." గొడుగు పిడి తట్టి అంది, "కావల్లంటే గుర్తు చెప్పి తీసుకపొమ్మను."

ఓబులమ్మకు మనవరాలు పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని కూడా చెప్పింది. రెండు మూటలూ ఉన్నచోటే ఉన్నాయట. నేను మరచెంబు మూత తీసి ఆమెకు అందించాను. ఈసారి బయలుదేరేటప్పుడు మూత సరిగ్గానే బిగించాను. మీ కోడలు నాకు బస్సులో నీళ్ళిచ్చింది, అవి ఇవి అన్నాను.

ముసలామె చెంబు ముట్టుకోలేదు. "నా కోడలు ఇచ్చినాదని గుర్తేంది?"

"సొరబుర్ర. మూతికి పచ్చగుడ్డ."

"పచ్చగుడ్డే," అని చెంబు అందుకుని, గొడుగు ముడిచి చంకలో ఇరికించుకుని, నీళ్ళన్నీ తాగింది. ఖాసిం అన్న హారను కొట్టాడు.

ఇల్లు చేరాక ఆలోచిస్తే, గొడుగాయన ఓబులమ్మను అడిగినవాటిలో తప్పుగా వినిపించిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఇంట్లో ఎవరున్నారు, పాడి ఉందా, అత్త తిడుతుందా. రోజూ బావి దగ్గర చెప్పుకునే మాటలే. విడివిడిగా ఏదీ దాచవలసినది కాదు. అన్నీ ఒకే మనిషి చేతిలో చేరితే మాత్రం ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. నా అనుమానం తప్పయి ఉంటే ఒక మనిషికి అవమానం మిగిలేది. నోరు మూసుకుని ఉంటే ఒక ఇంటికి విత్తనం మిగిలేది కాదు. ఈ రెంటిలో ఏది బరువో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది, అదీ గొడుగు కంటబడ్డాక. ప్రయాణమయ్యే ఆడవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే: బయలుదేరే ముందు ఇంట్లో ఉండేవాళ్ళతో కొత్త గుర్తు ఒకటి అనుకోండి, నవ్వులాటకు కూడా బస్సులో చెప్పుకోని సంగతి అయి ఉండాలి, ఒకసారి వాడిన గుర్తును మళ్ళీ వాడకండి.

బాకీ: ఓబులమ్మకు చెంబెడు నీళ్ళు. ఆమె అత్త తాగింది. తీరింది.