నాయనమ్మ కుడిచెయ్యి

మొన్న నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు మా బావగారిని కళ్ళు మూసుకోమని, కుడి అరచేతిలో తాళంచెవి పెట్టి, ఇదేంటో చెప్పమన్నాడు. బావగారికి షుగరు పాతది, పక్షవాతం కొత్తది. చాలాసేపు వేళ్ళు ఆడించి "రూపాయి బిళ్ళ" అన్నారు. మా తోడికోడలు పైట నోట్లో కుక్కుకుంది. అందరూ అయ్యో అంటుంటే నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బావగారి మీద కాదు, డాక్టరు మీదా కాదు. నలభై ఏళ్ళ కిందటి మా అక్క మీద. నాకు న్యాయంగా ఆలోచించడం రాదని మావారు అంటుంటారు. న్యాయం సంగతి ఆయన కోర్టులో చూసుకోమనండి, ఇది మా ఇంటి సంగతి.

అక్కంటే మా పెదనాన్న కూతురు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. మాది ముప్పాళ్ళ దగ్గర పల్లె. అవి యుద్ధం రోజులు, పంచదారకీ కిరసనాయిలుకీ కార్డులు. ఊరంతా పంచదార దొరక్క అల్లాడుతుంటే మా నాయనమ్మ ఒంట్లో మాత్రం అది ఎక్కువైందని పేట డాక్టరు తేల్చాడు. ఆ ఎక్కువైందేదో తీసి కాఫీలో వేయించరాదా అని ఆవిడే నవ్వింది. ఆ ఎండాకాలమే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది, ఈడ్చుకుంటూ నడక వచ్చింది, చెయ్యి కూడా లేచింది. రానిదల్లా స్పర్శ. పంచదార ముందే వేళ్ళని మొద్దుబార్చిందనీ, మిగిలింది పక్షవాతం కాజేసిందనీ డాక్టరు అన్నాడు. మజ్జిగ గ్లాసు పట్టుకుని, పట్టుకున్నానో లేదో అని దాని వంక చూసుకునేది. ఓసారి పొయ్యి మీది గిన్నె పట్టుకుని, చర్మం కమురు వాసన కొట్టిందాకా వదల్లేదు.

ఇంకొకరికైతే సరిపెట్టుకోవచ్చు. మా నాయనమ్మ వేళ్ళు ఊరికంతటికీ కావాలి. పత్తి తీసిన ఇళ్ళవాళ్ళు బేరగాడు రాకముందే పిడికెడు కొంగున కట్టుకొచ్చి ఆవిడ ముందు పోసేవాళ్ళు. ఆవిడ గింజ తీసేసి, సన్నటి పాయని రెండు చేతుల వేళ్ళ మధ్యా పట్టి మెల్లిగా లాగి, పింజ ఎంత పొడవో, ఎంత గట్టిదో చెప్పేది. పేట నుంచి వచ్చే పత్తి సాయిబుగారు ధర పలికే ముందు "అమ్మ ఏమంది?" అని అడిగేవాడు. ఆ అడగడం ఆగిందంటే ఇక ఆయన చెప్పిందే పింజ, ఆయన చెప్పిందే ధర. లాగడానికి రెండు చేతుల్లోనూ స్పర్శ ఉండాలి. అందుకని నాయనమ్మ కొత్త పద్ధతి కనిపెట్టింది: ఎడంచెయ్యి తనది, కుడిచెయ్యి అరువుది. ముందు నన్నే పిలిచింది. నేను లాగితే పాయ పుటుక్కున తెగింది. నీ చేతికి కూడా నీ నోటికున్నంత దురుసేనే అని, అక్కని పిలిచింది. అక్క నోరు లేని పిల్ల. దాని చెయ్యి నాయనమ్మ చేతిని వింటున్నట్టు కదిలింది. ఆ రోజు నుంచి అరుగు మీద నాయనమ్మ ఎడంపక్క చోటు దానిదైంది. ఒక ముసలి చెయ్యీ, ఒక పిల్ల చెయ్యీ, మధ్యలో వెంట్రుకంత పత్తీ. చూసినవాళ్ళంతా ముచ్చటపడేవాళ్ళు. నాకు అన్నం సయించేది కాదు.

అక్కని అక్కణ్ణుంచి లేపడానికి నాకు ఒకటే దారి కనిపించింది, నాయనమ్మ చేతికి స్పర్శ తెప్పించడం. ఇంట్లోవాళ్ళు దాన్ని సేవ అనుకుని మెచ్చుకున్నారు, నేనేమీ కాదనలేదు. బడి నుంచి రాగానే ఆవిడ కళ్ళకి గుడ్డ కట్టి, ఆ చెయ్యి బాగా రుద్ది, చింతగింజ, పసుపుకొమ్ము, పత్తిగింజ, చిల్లు కానీ ఒక్కొక్కటే పెట్టేదాన్ని. మొదట్లో అన్నీ తప్పే. నెల తిరిగేసరికి నాలుగూ టకటకా చెప్పేసింది. వీధంతా చాటాను. అక్క ఒక్కతే, "నిజంగా తెలుస్తందా నాయనమ్మా?" అని అడిగింది. నీ చోటు పోతుందని నీ ఏడుపు అన్నాను.

సాయిబుగారు వచ్చిన రోజు అక్కని లేపి నేను కూచున్నాను. ఇవాళొద్దులే అని నాయనమ్మ రెండుసార్లు గొణిగింది, నేను వింటేనా? ఆవిడ తల ఎత్తి సాయిబుగారి వంక చూస్తూ తన రెండు చేతులతోనే లాగింది. పాయ జారి ఒళ్ళో పడింది. ఆవిడకి తెలియలేదు. వేళ్ళు ఉత్త గాలిని నలుపుతూనే ఉన్నాయి, "పొడవు బాగానే ఉందయ్యా" అంటోంది. సాయిబుగారు చూపు కిందికి దించి కండువా సర్దుకున్నాడు. అక్క వచ్చి ఒళ్ళో పత్తి తీసి, తన చెయ్యి కలిపింది. "మెల్లిగా చూసి చెప్పమ్మా, నాకేం తొందర్లేదు," అన్నాడాయన. ఆవిడ చెప్పిన పింజకే బేరం తెగింది. ఊరికి ఏ నష్టమూ రాలేదు, నాకే.

మర్నాడు పసుపుకొమ్ముతో మొదలుపెట్టాను. "చింతగింజ," అంది నాయనమ్మ. రోజూ నేను ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకే వరసలో పెట్టేదాన్ని. ఆవిడ ఆ వరస బట్టీ పట్టింది. గుడ్డ లాగేసి, ఎందుకు అబద్ధం చెప్పావని పోట్లాడాను.

"తెలవట్లేదంటే రేపట్నించి రావు గదే నువ్వు."

"మరి అక్కకి చెప్పావా ఎప్పుడన్నా అబద్ధం?"

"దానికెందుకే? అదెట్టాగైనా వస్తది."

ఆ తర్వాత కూడా వెళ్ళాను. ప్రేమతో వెళ్ళానని రాస్తే బాగుంటుంది గానీ, అక్కకి ఓడిపోకూడదని వెళ్ళాను. ఆవిడ బతికిన రెండు పంటలకాలమూ వెళ్ళాను. వస్తువులు పెట్టడం మానేసి, ఊరికే ఆ కుడిచెయ్యి పట్టుకుని కూచునేదాన్ని. పట్టుకున్నట్టు ఆవిడకి తెలిసేది కాదు. తల తిప్పి చూసుకుని తెలుసుకునేది, చూసిన ప్రతిసారీ నవ్వేది. ఎడంపక్కన అక్క ఉండేది. అటు చూడాల్సిన పని ఆవిడకి లేదు, ఆ చేతికి తెలుసు. ఇప్పుడు నాకు అప్పటి నాయనమ్మ వయసు. కాలం నన్ను ఇంతదూరం నడిపించుకొచ్చింది గానీ, ఆ ఎడంపక్క చోటు కోసం కుతకుతలాడే పదేళ్ళ పిల్లని వెంట తీసుకురావడం మాత్రం మరిచిపోయింది.