పొట్టలో మసక

ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే డాక్టరమ్మను వెనకాల అందరూ "మసకమ్మ" అనేవాళ్లు. పొట్ట ఫిల్ము ఏది చూసినా "మసకగా ఉంది" అని రాస్తుందని వాళ్ల వెటకారం. అది ఆవిడ చెవిన పడకపోలేదు. పళ్లు బిగబట్టి ఊరుకునేది.

ఒకరోజు ఒక బస్సు డ్రైవరు ఫిల్ము వచ్చింది. పొట్ట ఉబ్బి, బెల్టు పట్టడం లేదని చేరాడట. ఫిల్మును వెలుగు ముందు పెట్టగానే ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. పొట్టంతా పాలు కలిపిన నీళ్లలా ఉంది. కాలేయం కింది అంచు చెరిపేసినట్టు పోయింది. పక్కలు రెండూ బయటికి పొంగాయి. గాలి నిండిన పేగులు తేలుతూ వచ్చినట్టు నడిమధ్య గుమిగూడాయి. వట్టి కొవ్వయితే ఇలా గుమిగూడవు.

"మసకగా ఉంది, నీరు చేరినట్టుంది, స్కాన్ చేయించండి" అని రాసి పంపింది.

వార్డు డాక్టరు ఫోన్ చేశాడు. "మళ్లీ మసకేనా మేడమ్? ఫిల్ము సరిగ్గా పడలేదేమో, ఇంకోటి తీయించండి. నాకైతే గ్యాసే అనిపిస్తోంది."

"ఫిల్ము బానే ఉందయ్యా. స్కాన్ చేయించు."

"మిషన్ రిపేర్లో ఉంది కదండీ. బాగయ్యాక చూద్దాం లెండి."

రెండో ఫిల్మూ అలాగే వచ్చింది. ఆవిడ మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు దడదడలాడుతుంటే భర్త తొంగిచూశాడు. "ఏమైందే?"

"గోడకి చెప్పినా ఈపాటికి వినేది!"

పొద్దున్నే తనే వార్డుకు వెళ్లింది. డ్రైవరు దిండ్లకు ఆనుకుని ఆయాసపడుతున్నాడు. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వేళ్లతో తట్టింది. నడుమ డోలులా మోగింది, పక్కలు మొద్దుగా పలికాయి. ఒక పక్కకు తిప్పి తడితే, అంతకుముందు మొద్దుగా ఉన్న పైపక్క ఇప్పుడు మోగింది. నీరు కిందికి జారిందన్నమాట.

"రా, నువ్వే తట్టి చూడు" అని వార్డు డాక్టరును పిలిచింది. అతను తట్టి చూసి, నీరు తీసే సూది తెప్పించాడు. ఎండుగడ్డి రంగు నీరు సీసాలోకి దిగుతూనే ఉంది. కాలేయం దెబ్బతిన్నదని తర్వాతి పరీక్షల్లో తేలింది. మందులూ ఆ తర్వాతే మొదలయ్యాయి.

సీసా ఇంకా నిండుతుండగానే, "హమ్మయ్య, ఊపిరాడుతోందే!" అన్నాడు డ్రైవరు, పక్కనున్న తన భార్యతో.

"నాకూ మొదట్నించీ అనుమానంగానే ఉంది మేడమ్" అన్నాడు వార్డు డాక్టరు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయేలోపే డ్రైవరు భార్య అడిగింది. "మరి నిన్ననే తీసేయొచ్చు కదమ్మా? రాత్రంతా కూర్చునే ఉన్నాడు."

ఆవిడ వార్డు డాక్టరు వైపు చూసింది. అతను సీసా వైపు చూస్తున్నాడు.