సద్దులనాడు చూసిన ఇల్లు

నవ్వుతె నవ్వుండ్రి గని, ముందు నాకొక చాయ్ చెప్పుండ్రి. మా ఇంట్ల చాయ్ పెట్టెటోళ్ళు లేరు. మా లక్ష్మి మల్ల నెల్లికుదురుకు, తల్లిగారింటికి పోయింది. కొట్లాట అయ్యిందని ఆఫీసుల గుసగుస పెడుతున్నరట. కొట్లాట లేదు, ఏం లేదు. ఇల్లు కొన్న, గంతే.

"ఇల్లు కొంటె సంబురపడాలె గని, పోతరా సారు?" అంటున్నడు మన నర్సింలు. గదే చెప్తున్న, జర ఆగు.

ఇల్లు, ప్లాటు సూసుడంటె జనగామల నా తర్వాతనే ఎవ్వలైనా. మీకు తెల్వదా? మీ అందరి ప్లాట్లకు వంక పెట్టింది నేనే. భూపాలపల్లిల మా తోడల్లుడు జాగ కొంటె "అడవిల ఎలుగుబంట్లతోని కాపురం చేస్తవా?" అని నలుగురి ముందట నవ్విన. గిప్పుడు అక్కడ బొగ్గుబాయిలు పడి, ఆయన ఇంటిముందట బజారే అయ్యింది. అది వేరే సంగతి.

లక్ష్మి పెట్టిన షరతు ఒక్కటే. ఆమె పుట్టి పెరిగింది ఇరవై మంది తినే ఇంట్ల. "నాకు బంగ్లా వద్దు, మొజాయిక్ బండలు వద్దు. గడపల నిలవడితె నాలుగు మొఖాలు కనవడాలె. మాటాడెటోళ్ళు లేని కాడ నేనుండ" అన్నది. అన్నదంటె అన్నదే. స్టేషన్ కాడ కిరాయి ఇల్లు ఇరుకైనా, వాడకట్టు ఆడోళ్ళను సూసుకొనే ఇన్నేండ్లు ఉన్నది.

బతుకమ్మకు ఆమె తల్లిగారింటికి పోయింది. నేనొక్కన్నే ఉన్న. ఊరవతల కొత్త లేఅవుట్ల ఒక ఇల్లు అమ్మకానికి ఉన్నదని తెలిసింది. కట్టిన మేస్త్రి మంచోడు. "రేపు పొద్దుగాల రాండ్రి సార్, పగటిపూట చూపిస్త" అన్నడు. నేను లోపల నవ్వుకున్న. అమ్మెటోడు చూపించినప్పుడు సూస్తె అంతా మంచిగనే కనవడ్తది. చెప్పకుండ, పొద్దూకే యాల్లకు పోయి సూడాలె. గోడలు కాదు, మందిని సూడాలె. గిది నా సూత్రం.

గా సాయంత్రమే, సద్దులనాడు, అంటె బతుకమ్మ ఆఖరి దినమే, సైకిలేసుకొని పోయిన. పోయి సూస్తె, అబ్బబ్బ, ఏం సందడి! కట్టెలు పాతి ట్యూబులైట్లు కట్టిండ్రు. పట్టుచీరలు, పిల్లలు, చప్పట్లు. నడిమిట్ల బతుకమ్మలు పెట్టి ఆడోళ్ళు ఆడుతున్నరు. అలిసినోళ్ళు ఇండ్ల అరుగుల మీద కూసొని ముచ్చట్లు పెడుతున్నరు. గా ఇంటి గడపకాడ నిలవడ్డ. నాలుగు మొఖాలు అడిగింది లక్ష్మి. నాలుగు వందలు ఉన్నయి.

అయినా నేను ఊకుంటనా? పక్క అరుగు మీద కూసున్న ఒక ముసలవ్వను అడిగిన. "అవ్వా, ఈడ ఎట్లుంటది?"

"ఎట్లుంటదంటవేంది బిడ్డా, సల్లటి గాలి, కావలసినన్ని నీళ్ళు, నలుగురాడోళ్ళు. ఇంకేం గావాలె?" అని డబ్బ మూత తీసి నా చేతుల ఇంత మలీద, రొట్టెల బెల్లం కలిపి చేసిన ముద్ద, పెట్టింది. కొనకముందే ఇరుగుపొరుగు మలీద పెడుతుంటె ఇంకేం సూడాలె చెప్పుండ్రి. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

అటు నుంచి అటే మేస్త్రి ఇంటికి పోయి బయానా ఇచ్చిన. పాపం ఆయన "పగటిపూట ఒక్కసారి సూడుండ్రి సార్" అని బతిలాడిండు. "నేను సూడవలసింది సూసిన" అన్న. దసరా ఎల్లంగనే రిజిస్ట్రీ అయిపోయింది. తాళంచెవి జేబుల పెట్టుకున్న గని, లక్ష్మితోని కలిసే గడప తొక్కాలని మల్ల అటు పోలేదు.

ఆమె రాంగనే రిక్షల ఎక్కించుకొని పోయిన. తొవ్వంతా నేనే మాట్లాడిన. "నీకిగ పొద్దెట్ల పోయేది తెల్వది. వంట చేసుకునుడు యాది మరిచిపోతవేమో" అన్న. ఆమె గూడ మస్తు కుశీగున్నది.

రిక్ష దిగినం. పురుగు లేదు. కట్టెలు లేవు, లైట్లు లేవు. మేం తప్ప మనిషి లేడు. నేను అరుగులనుకున్నయి అరుగులు కావు, పునాది దాంక లేపి ఇడిచిపెట్టిన గోడలు. ముసలవ్వ కూసున్న కాడ ఒక బర్రె పండుకొని నెమరేస్తున్నది. ఇండ్లకు తలుపు ఉన్నది నాదొక్కదానికే. ఎనుక, ఆనాడు సీకట్ల నాకు మట్టి దిబ్బ లెక్క కనవడ్డది చెరువుకట్ట. కట్ట అవతల చెరువు.

లక్ష్మి చుట్టూ సూసింది. "ఏరీ నీ ఆడోళ్ళు?" అన్నది.

బర్లు కాసేటాయన తువ్వాల దులుపుకుంట వచ్చిండు. "అన్నా, ఈడ మస్తు మంది ఉండాలె గద?" అని అడిగిన.

"ఉంటరు సార్. ఊరంతా ఈడికే వస్తది. ఆడి, చెరువుల బతుకమ్మలు ఏసిపోతరు."

"మల్ల ఎప్పుడొస్తరు?"

"మల్ల బతుకమ్మకే సార్."

తెలంగాణల పుట్టి, బతుకమ్మ యాడికి పోతదో యాది లేదా అని నన్ను నేనే తిట్టుకున్న. లక్ష్మి తిట్టలేదు. తిడితె పానం హాయిగుండు. లోపలికి పోయి అర్రలన్ని సూసింది, వంటింటి కిటికీ తీసి ఏసింది. గడపల నిలవడ్డది. బర్రె ఆమెను సూసింది, ఆమె బర్రెను సూసింది.

"ఇల్లు మంచిగున్నది. నేను ఏటేట బతుకమ్మకు వస్త. మిగిలిన దినాలు నువ్వుండు" అన్నది.

లోకంల ఆడివిల్లలు బతుకమ్మకు తల్లిగారింటికి పోతరు. మా ఆమె బతుకమ్మకు అత్తగారింటికి వస్తదట. బస్సు ఎక్కేముందు మాత్రం జర కనికరించింది. "పక్కన రెండిండ్లల్ల ఆడోళ్ళు వచ్చిన్నాడు కబురు పెట్టు, తెల్లారే వస్త" అన్నది. ఆమె లేని ఇల్లు నాకు ఇల్లులెక్కనే లేదు. నిజం చెప్తున్న, నవ్వకుండ్రి.

గందుకే మీకు చెప్పేది. నా పక్కన రెండు ప్లాట్లు ఖాళీగ ఉన్నయి. నర్సింలూ, ఒకటి నీకు, ఒకటి నీ పక్కన కూసున్న సాంబయ్యకు. సల్లటి గాలి, కావలసినన్ని నీళ్ళు. నా మాట మీద కొనమంటలేను, మీ కండ్లతోని మీరే సూసుకోండ్రి.

ఇప్పుడొద్దు. ఆగుండ్రి, అంత తొందరేంది? వచ్చే బతుకమ్మనాడు పొద్దూకంగ నేనే తోల్కపోత.