మళ్ళీ అడగవద్దు

ఏజెన్సీ కొండల్లో నేను చేసిన ఉద్యోగం పేరు డేటా ఎంట్రీ ఆపరేటర్. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, చేసేదల్లా కాఫీ మొక్కలు తీసుకున్న రైతుల పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించడమే. రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్లయిన రోజులవి. పాడేరు నుంచి జీపులో గంటన్నర వెళితే వచ్చే ఊళ్లో, రేకుల కప్పు ఆఫీసులో ఒకే కంప్యూటరు, దాని ముందు ఒకే మనిషిని, నేను. కింద మైదానం నుంచి వచ్చినదాన్ని, పెళ్లి కానిదాన్ని, కాంట్రాక్టు మీద ఉన్నదాన్ని. జనం మనతో ఆచితూచి మాట్లాడటానికి ఈ మూడింట్లో ఏ ఒక్కటైనా చాలు.

ఒక షావుకారు ఇంటి వెనక గదిలో ఉండేదాన్ని. కుళాయి వచ్చిందని చెప్పడానికి తప్ప ఇంటావిడ నన్ను పలకరించేది కాదు. ఆఫీసులో మిగతావాళ్లంతా పొద్దున్నే గ్రామాలకు వెళ్లిపోయేవారు. ఇక నేనూ, అటెండరూ మిగిలేవాళ్లం. ఆయన ఆ కొండల మనిషే, రిటైర్మెంటు దగ్గరపడ్డవాడు. వరండాలో బల్ల మీద కూర్చుని గంటల తరబడి వాన చూసేవాడు. వానలో ఏముందని చూస్తాడో అని నాకు ఒళ్లు మండేది. ఆ ఊళ్లో నాకు అన్నిటి మీదా ఒళ్లు మండేది. ఒంటరిగా ఉంటే కొందరికి ఏడుపొస్తుందట, నాకు కోపం వస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పాడేరులో ఆపరేటర్లందరికీ రెండ్రోజులు ట్రైనింగు పెట్టారు. ఆఫీసు కంప్యూటర్లలో ఆటలాడితే కాంట్రాక్టు పోతుందని మొదటిరోజే చెప్పారు. రెండోరోజు మధ్యాహ్నానికి ఒక సీడీ బెంచీల కింద నుంచి చేతులు మారుతూ నాదాకా వచ్చింది. అందులో ఉన్నది పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. చిన్నప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని, చింతపిక్కలు పేర్చి ఆడుకున్నదే. దాన్ని ఎవరో కంప్యూటర్లోకి దింపారు. పులి బొమ్మలు పిల్లుల్లా ఉన్నాయి. ఎవరు చేశారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తెచ్చి మా కంప్యూటర్లో పెట్టుకున్నాను. యాంటీవైరస్ దాన్ని చూసిన మొదటిరోజే ఎర్ర అక్షరాల్లో అనుమానాస్పదం అంది. దీని జోలికి వెళ్లొద్దని చెప్పి దాని నోరు మూయించాను.

కొన్నాళ్లు పులులూ నేనే, మేకలూ నేనే. ఒకరోజు భోజనాలవేళ ఆడుతుంటే టింగుమని చప్పుడై, తెర మధ్యలో, కంప్యూటరుకు కాపలా ఉండే ఫైర్‌వాల్ పెట్టె ఒకటి లేచింది. బయటి కంప్యూటరు ఒకటి ఈ ప్రోగ్రాముతో కలవాలనుకుంటోంది, రానివ్వాలా, ఆపాలా అని ఇంగ్లీషులో అడుగుతోంది. కింద ఒక నంబరు. ఆ కింద, దీన్ని తయారుచేసినవారెవరో తెలియదు అని ఒక హెచ్చరిక. మా ఆఫీసు పైకప్పు మీద డిష్ పెట్టి చుట్టుపక్కల మండలాల ఆఫీసులతో కలిపారని తెలుసు గానీ, అందులోంచి రిపోర్టులు తప్ప ఇంకేవైనా వస్తాయని నాకు తెలీదు.

ఆ చప్పుడుకి అటెండరు తలుపు దగ్గరికొచ్చి తెర వంక చూశాడు. ఎవరో వస్తామంటున్నారు, రానివ్వాలా అని అడుగుతోందిది అన్నాను.

"ఎవులో వచ్చినట్టున్నారమ్మా. బేగి పిలు, నిలబడిపోతారు," అన్నాడు.

వాళ్ల ఊళ్లల్లో ఎవరింటికైనా వెళితే తలుపు కొట్టరు. వాకిట్లో నిలబడతారు, ఇంట్లోవాళ్లు చూసి పిలిచేదాకా. ఎంతసేపైనా అలాగే ఉంటారు. పిలవకపోతే వచ్చినదారినే వెళ్లిపోతారు, మళ్లీ తొందరగా రారు. ఆయన ఆ పెట్టెను చూసి అదే అనుకున్నాడు. నేను నవ్వి, రానివ్వు అన్న మీట నొక్కాను.

అవతలివారు పులులు తీసుకున్నారు. ఆట కింద ఒక గీత ఉంది, అందులో టైపు చేసుకోవచ్చు. ఎత్తు తర్వాత ఎత్తు వేసుకుంటూ పోయాం. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి వచ్చింది. తిన్నారా. అంతే. ఆ ఒక్క మాటకు నేను అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో చెబితే నవ్వుతారు.

ఆ వానాకాలమంతా రోజూ మధ్యాహ్నం ఆ పెట్టె వచ్చేది. ముసురు పట్టి డిష్ పనిచేయని రోజుల్లో రాకపోతే, సాయంత్రందాకా అటెండరు మీద విసుక్కునేదాన్ని. ట్రైనింగులో పెట్టిన భయం ఇద్దరికీ ఉందనుకుంటాను, పేర్లు చెప్పుకోలేదు. ఆడో మగో కూడా తెలీదు. నంబరును బట్టి ఏ ఆఫీసో మాత్రం గోడ మీద అంటించిన లిస్టులో చూసి తెలుసుకున్నాను. రెండు కొండల అవతల. అక్కడ వాన పడుతోందా అని అడిగితే, ఇప్పుడే మీ వైపు పంపించాం అని జవాబొచ్చేది. నేను ఓడిపోతుంటే, కావాలని ఒక పులిని అటూ ఇటూ ఊరికే తిప్పేవారు. నాకు కోపమొచ్చి సరిగ్గా ఆడమని రాసేదాన్ని. ఒకసారి ఈ ఆట ఎవరు చేశారో మీకు తెలుసా అని అడిగాను. పులిని ఒకటి జరిపాక, నేనే అని వచ్చింది. ఆ వెంటనే, బాగోలేదా అని ఇంకోటి.

పులులు పిల్లుల్లా ఉన్నాయి, మిగతాదంతా బాగుంది అని రాశాను.

ఆ పెట్టెలో అడుగున చిన్న గడి ఒకటి ఉండేది, మళ్ళీ అడగవద్దు అని. అందులో ఒక టిక్కు పెట్టి రానివ్వు అంటే ఆ పెట్టె ఇక రాదు, అవతలివారు నేరుగా వచ్చేస్తారు; ఆపు అంటే ఇక ఎప్పటికీ రాలేరు. నేను పెట్టలేదు. పెట్టకపోవడం తెలివితక్కువతనమని తెలుసు, ఎప్పుడు ఎవరి కంట పడుతుందో చెప్పలేం. కానీ ఆ ఊళ్లో నన్ను ఏదైనా అడిగేది అదొక్కటే. మీకోసం ఎవరో వచ్చారు, రమ్మనమంటారా అని రోజుకొక్కసారి అడిగించుకోవడం నాకు కావాల్సి వచ్చింది.

చలి మొదలయ్యాక ఒకరోజు పైఆఫీసరు తనిఖీకి వచ్చారు. కాంట్రాక్టులు పొడిగించాలా వద్దా అని రాయాల్సింది ఆయనే. మధ్యాహ్నానికి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. నా కుర్చీలో కూర్చుని రైతుల జాబితా చూస్తున్నారు. ఆట తెరిచే ఉంది, తెర అడుగున కనపడకుండా దాచి పెట్టాను, మూసేయడానికి వీల్లేకపోయింది. రోజూ వచ్చే వేళకే టింగుమంది.

ఆయన ఇదేంటని అడిగారు. మామూలుగానే అడిగారు, కోపం కూడా లేదు. ఆటండీ అంటే ఏమయ్యేదో, ఒక మాట అని ఊరుకునేవారేమో. అది నాకు ఇప్పటికీ తెలీదు.

"ఏదో వైరస్ సార్. రోజూ వస్తోంది," అన్నాను.

"రోజూనా? ఎక్కణ్ణించి?"

ఆ నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అయినా లేచి గోడ దగ్గరికి వెళ్లి, లిస్టులో పైనుంచి కిందికి వెతుకుతున్నట్టు నటించి, ఆ ఆఫీసు పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన డైరీలో రాసుకున్నారు. తర్వాత తనే మౌసు పట్టుకుని, ఆ చిన్న గడిలో టిక్కు పెట్టి, ఆపు అన్న మీట నొక్కారు. శ్రద్ధగా గమనించానని నన్ను మెచ్చుకున్నారు కూడా.

జీపు వెళ్లిపోయాక అటెండరు టీ తెచ్చాడు. గ్లాసు పెట్టి నిలబడ్డాడు.

"ఆపీసరుగోరు ఉన్నారు, రేపు రండని సెప్తే ఎల్లిపోదురు గదమ్మా," అన్నాడు.

అది మనిషి కాదు, కంప్యూటరు, నీకు తెలియని విషయాల్లో మాట్లాడకు అని కసిరాను. ఆయన వరండాలోకి వెళ్లాడు. ఆ పూట అంతగా మండిపడాల్సింది నా మీదేనని అప్పటికే తెలుసు నాకు.

వారం తిరక్కుండా ఇంజనీరు వచ్చి మా కంప్యూటరు మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించి వెళ్లాడు. రెండు కొండల అవతలి ఆ ఆఫీసుకూ ఇదే పని మీద వెళ్తున్నానన్నాడు. నేను అతన్ని ఏమీ అడగలేదు. ఉత్తరం రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. ఎవరికని రాయాలో తెలియక కాదు, ఆఫీసు పేరు రాస్తే చేరుతుంది. ఏమని రాయాలో తెలియలేదు.

మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించారు. ఆ తర్వాత కొన్ని రోజులకు, రెండు మండలాల జాబితాల్లో ఒకే రైతు పేరు పడిందని, సరిచూసుకోవడానికి ఆ ఆఫీసుకు ఫోన్ చేయాల్సి వచ్చింది. చెయ్యకుండా వారం రోజులు నెట్టుకొచ్చాను. చివరికి చేసి, ఆపరేటర్ ఉన్నారా అని అడిగాను. ఎత్తింది ఒక పెద్దాయన. తనకు అదంతా తెలీదని, కొత్తవాళ్లు ఇంకా రాలేదని చెప్పాడు.

పాత ఆపరేటర్ ఏమయ్యారు అన్నాను.

"తీసేసినారండీ. కంప్యూటర్లో ఏదో వైరస్ ఎట్టి అన్ని ఆపీసులకీ పంపిత్తన్నారని సెప్పి. మీకు తెలిసినోలాండీ?"

"కాదండీ, పని మీద చేశాను," అన్నాను.