మావ మీసం రాని వెబ్‌సైట్

2015 ఎండాకాలం. సాలూరులో లారీలు ఆగే వీధి మలుపున మా నెట్ సెంటర్ ఉండేది. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తల తిప్పడం మానేసిన టేబుల్ ఫ్యాను. నేను చదివింది ఏడో తరగతి. మా ఆయన లారీ ఎక్కి రాయపూర్ వైపు వెళ్తే ఎప్పటికో గానీ తిరిగి రాడు, కొట్టు చూసుకోవడానికి నేనే దిక్కు. మొదట్లో మౌస్ ఎటు జరపాలో కూడా తెలిసేది కాదు. వచ్చినవాళ్ల భుజాల మీదుగా చూసి చూసి పని నేర్చుకున్నాను. హాల్ టికెట్లు, అడంగల్ కాపీలు, పెళ్లి కార్డులు ఎన్ని చేశానో లెక్క లేదు. కానీ రాంబాబు వెబ్‌సైట్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రాంబాబు సివిల్ ఇంజనీరు. ఇళ్లకు ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టించి ఇచ్చే చిన్న ఆఫీసు పెట్టాడు. అతను, ఒక డ్రాఫ్ట్స్‌మన్, అంతే జనం. ఆఫీసు గది అతని మావగారు సింహాచలం గారిది. ధాన్యం వ్యాపారి, తెల్లటి తలపాగా, నిమ్మకాయ నిలబెట్టే మీసం. వరసకు ఆయన నాకూ మావే.

ఒక మధ్యాహ్నం రాంబాబు వచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు.

"నర్సక్కా, వైజాగులో ఒక బిల్డరు ఉజ్జోగం ఇస్తానంటన్నాడు. దసరా దాకా సూస్తాను. పనులు రాకపోతే ఆఫీసుకి తాళం ఏసేస్తాను."

"అదేట్రా! మీ ఆవిడేటంటాది?"

"దానికింకా సెప్పలేదు. వెబ్‌సైట్ పెట్టి ఏడాదైంది. ఒక్కడు ఫోన్ సేస్తే ఒట్టు. మళ్లీ దాని మీద డబ్బెట్టలేను. ఉత్తినే అయ్యేదేదైనా ఉంటే సూద్దాం."

అతనికి ఇంగ్లీషు వచ్చు, నాకు మొండితనం వచ్చు. ఇద్దరం కలిసి మొదలెట్టాం.

మొదట అనలిటిక్స్ పెట్టాం. అది సైటు గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడి లాంటిది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నీ చెబుతుంది. పైసా అక్కర్లేదు. వారం పోయాక తెరిచి చూశాం. ఖాళీగా ఉంటుందనుకున్నాను. లేదు, జనం వస్తున్నారు! జగదల్‌పూర్, పారాదీప్, సూరత్, చెన్నై. అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు.

"ఆ ఊళ్లలో నాకెవరున్నారక్కా? దారి తప్పి వచ్చుంటారు" అన్నాడు రాంబాబు నీరసంగా.

తర్వాత స్పీడ్ టెస్ట్. సైటు పేరు కొట్టి బొత్తాం నొక్కితే, పేజీ ఎక్కడ ఇరుక్కుంటోందో చూపిస్తుంది. తెరంతా ఎర్రబడిపోయింది. కారణం ఒకే ఒక్క ఫోటో. ఆఫీసు తెరిచిన రోజున మావ రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో. కెమెరాలోంచి తీసింది తీసినట్టే, సైజు తగ్గించకుండా, గుమ్మానికి అడ్డంగా పడుకున్న ఏనుగులా మొదటి పేజీలో పెట్టేశారు.

"తీసీరా" అన్నాను.

"తీసేస్తే గది ఖాళీ సెయ్యమంటాడక్కా!"

అతని భయం నిజమే. మా వైపు రిబ్బను కత్తిరించిన పెద్దాయన్ని పక్కకు జరపడమంటే, భోజనాల పంక్తిలోంచి లేపినట్టే. అలాగని ఆ ఫోటో ఉన్నంతకాలం సైటు కదలదు. సరే, ఆయనకే చూపిద్దామని ఇద్దరం మావ ఇంటికి వెళ్లాం. ఆయన అరుగు మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మావా, అల్లుడి సైటు నీ ఫోన్లో ఎప్పుడైనా సూశావా?"

"నానెందుకే సూడ్డం? అందులో నానున్నానని ఊరందరికీ తెలుసు" అన్నాడు మీసం సర్దుకుంటూ.

ఆయన ఫోన్లోనే సైటు తెరిచి చేతికిచ్చాను. మా ఊళ్లో అప్పటి సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. తెల్లటి పేజీ అలాగే ఉంది. మావ టీ తాగుతున్నాడు, చూస్తున్నాడు. కాసేపటికి పైనుంచి సన్నగా ఒక చార దిగింది.

"ఏటిది?"

"నీ తలపాగా మావా."

"మొకమేదే?"

"వస్తాది, ఆగు."

టీ అయిపోయింది. నుదురు వచ్చింది. కళ్లు వచ్చాయి. ముక్కు సగం వచ్చి ఆగిపోయింది. మావ ఫోను పైకెత్తాడు, కిందికి దించాడు, ఊపాడు.

"నా మీసం ఏదిరా? ఎవుడట్టుకుపోయాడ్రా?"

లోపలి నుంచి అత్త అందుకుంది. "పెళ్లిసూపులకీ ఇలాగే పొద్దోయాక వచ్చినాడు!"

నవ్వు ఆపుకోలేక చచ్చాం. మావ మాత్రం నవ్వలేదు. "ఈ అవతారం ఎవులు సూస్తన్నార్రా?" అని అడిగాడు. రాంబాబు భయపడుతూనే ఆ ఊళ్ల పేర్లు చదివాడు. మావ ఫోను పక్కన పెట్టేశాడు.

"జగదల్‌పూరా? పారాదీపా? ఓరి ఎర్రోడా! ఆళ్లు మనోళ్లురా! ఇక్కణ్నించి పనులకెల్లినోళ్లు. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలని అక్కడ కూకుని ఎతుకుతన్నారు. ఆళ్లకి ఇల్లు సూపించరా, నా మీసమెందుకు?"

నేనూ రాంబాబూ ముఖాలు చూసుకున్నాం. ఆ క్షణాన్ని ఎలా చెప్పను! ఏడాదిగా గుమ్మం దాకా వచ్చి తలుపు తెరుచుకోక వెళ్లిపోయింది మనవాళ్లేనన్నమాట!

అప్పటికప్పుడే కొట్టుకు వచ్చి కూర్చున్నాం. ఫోటోలను కంప్రెస్ చేసే సైటు ఒకటి దొరికింది. బొమ్మ చెడకుండా దాని బరువు తగ్గిస్తుంది, అదీ ఉచితమే. మావను చిన్నగా చేసి 'మా గురించి' పేజీలో కూర్చోబెట్టాం. మొదటి పేజీలో కడుతున్న ఇళ్ల బొమ్మలు పెట్టాం. వేలితో తాకితే ఫోను వెళ్లేలా నంబరు పైకి తెచ్చాం. అన్నిటికంటే పైన తెలుగులో ఒక మాట రాశాం: 'మీరు దూరంగా ఉన్నారా? మీ గోడ ఎంత లేచిందో ప్రతి శనివారం ఫోటో పంపుతాం.' మళ్లీ స్పీడ్ టెస్ట్ నొక్కాం. పచ్చరంగు! నేను అరిచిన అరుపుకు హాల్ టికెట్ల కోసం కూర్చున్న పిల్లలు ఉలిక్కిపడ్డారు.

కొన్నాళ్లకు, రాంబాబు మా కొట్లో ఉండగానే ఫోను మోగింది. కొత్త నంబరు. స్పీకర్‌లో పెట్టాడు.

"బాబూ, నాను జగదల్‌పూర్ అవతల కిరండూల్ ఇనప గనుల్లో పని సేస్తన్నాను. నా పేరు చిన్నారావు, మాది మక్కువ దగ్గర. మీ సైటు ఇంతకుముందూ సూశాను. ఎవులో పెద్దాయన తలపాగా వచ్చి ఆగిపోయీది. ఇయ్యాల ఇల్లు కనబడ్డాది. శనివారం శనివారం నిజంగా ఫోటో పంపుతారేటి?"

రాంబాబు ఫోను నా వైపు తోశాడు. నేనే గట్టిగా అన్నాను, "పంపుతాడయ్యా, నాను దగ్గరుండి పంపిస్తాను!"

సూరత్ నుంచి, చెన్నై నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. దసరా వచ్చింది. తాళం మాట ఎవరూ ఎత్తలేదు. రాంబాబు ఇంకో డ్రాఫ్ట్స్‌మన్ కోసం వెతుకుతున్నాడు.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరు సైటు తెచ్చినా నా కంప్యూటర్లో చూడటం మానేశాను. ఇది ఎవరి కోసం, వాళ్లు ఎక్కడ కూర్చుని చూస్తారు, చేతిలో ఏ ఫోనుంటుంది అని అడుగుతాను. అలాంటి ఫోన్లోనే తెరిచి, వాళ్లలాగే ఆగి చూస్తాను. జబ్బు ఎక్కడుందో ఆ ఉచిత సైట్లు చెప్పాయి. ఆ జబ్బుతో ఇబ్బంది పడుతున్నది ఎవరో మాత్రం మావ చెబితేనే తెలిసింది.

చిన్నారావు గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచాడు. కిరండూల్ రైలెక్కి కొత్తవలసలో దిగి, అక్కణ్నించి బస్సులో వచ్చాడట. తను కట్టించుకున్న గోడను చేత్తో తడిమి తడిమి చూశాడు. అంతలో గుమ్మంలోకి వచ్చిన మావను చూసి అలాగే నిలబడిపోయాడు.

"బాబూ, ఆ తలపాగా మీదేనేటి? అయితే మీసం కూడా ఉన్నాదన్నమాట!"

మావ రెండు చేతులతో మీసం మెలేశాడు.

"ఉన్నాదిరా. నీ దాకా రావడానికే ఇన్నాళ్లు పట్టింది."