ఊదిన డబ్బా

పెట్టె మీద తెల్లకోటు మనిషి బొమ్మ లేకపోతే మా ఇంట్లో ఎవరూ ఆ పేస్టుతో పళ్లు తోమరు. ఆయన ఏ ఊరి డాక్టరని అడిగితే నా వంక జాలిగా చూస్తారు.

నేను కుర్రాడిగా ఉన్న రోజుల్లో తెల్లకోటుకు ఇంత పలుకుబడి లేదు. (నాకైతే అసలు కోటే లేదు.) కెమిస్ట్రీలో డిగ్రీ పుచ్చుకుని, వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల గోడలకు దోమల మందు కొట్టించే తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. "ఒక్క ఇల్లు మిగిలినా నీ ఉద్యోగం మిగలదు" అని ఆఫీసరు ఆశీర్వదించి పంపాడు. మొదటి పల్లెలోనే ఒక అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమె లేస్తే తప్ప ఆ ఊళ్లో ఏ తలుపూ తెరుచుకోదట.

"మా సాయబు ఊదని మందు మా ఇండ్లలోకి రాదప్పా."

సాయబంటే ఊరి దర్గా పెద్ద. పిల్లలకు జ్వరమొస్తే ఏ ఇంటివాళ్లైనా చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి, ఆయన చేత దువా చదివించి, ఊదించుకుని తాగించేవాళ్లు. నా సైన్సును చంకన పెట్టుకుని, డీడీటీ డబ్బాతో నేనూ వెళ్లాను. ఊరంతా వెంట వచ్చింది.

"నేను ఊదేది నీళ్ల మీద నాయనా, పొడి మీద ఎట్ల?" అంటూనే ఆయన కళ్లు మూసుకుని గట్టిగా ఊదాడు. నీళ్లకు అలవాటుపడ్డ ఊపిరి. పొడి గుప్పున లేచి నల్లటి గడ్డం కాస్తా తెల్లబడింది. వీధి చివరికి వినబడేలా దగ్గి, "ఏం కంపప్పా! దీనికి దోమేంది, దయ్యాలే పోతాయి" అన్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్ ఏం కావాలి?

ఊదిన డబ్బా రెండు వీధులకే అడుగంటింది. సాయబేమో ఉరుసుకని కడప పోయాడు. ఊదని డబ్బాను అవ్వ గడప దాటనివ్వదు. చివరికి అందరి ఎదుటా, మిగిలిన గుప్పెడు పొడిని పాలకు తోడేసినట్టు కొత్త డబ్బాల్లో తలా కాస్త కలిపాను. (మా కాలేజీలో ఈ ప్రయోగం చేయించలేదు.) అవ్వ తొంగిచూసి, "ఊఁ, తోడుకుంటాదిలే" అంటూ లేచింది. ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఉద్యోగం మిగిలింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కుర్రతనం ఊరుకోనిస్తుందా? పోతూ పోతూ అవ్వకు జ్ఞానోపదేశం చేశాను. దోమల్ని చంపింది ఊపిరి కాదు, మందు. దాన్ని మహామహా శాస్త్రవేత్తలు చేశారు, అని.

"వాళ్లను నువ్వు సూసినావా?"

"లేదవ్వా. పుస్తకంలో చదివినా."

అవ్వ కూడా జాలిగానే చూసింది. పొద్దున్నే పేస్టు నొక్కుతుంటే ఆ చూపు గుర్తొచ్చి ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.

"మా సాయబు మా కండ్ల ముందర గడ్డం తెల్లబడేదాకా ఊదినాడు. నీ మందు చేసినోడు ఈడికొచ్చి ఒక్క తూరన్నా దగ్గినాడా?"