బొడ్డు కోసేది సియాసీయే

హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో రేడియోకు ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా చెప్పుకోవచ్చు. చేతి తొడుగు పోయిందని ఒకరంటారు, సీల్ మాంసం ఉడికింది తినడానికి రండని ఒకరంటారు. సియాసీ మాత్రం ఆజ్ఞలు వేయడానికే ఫోన్ చేస్తుంది. మనవరాలు అలాసీ నెల తప్పిన సంగతి ఆ పిల్ల మొగుడు జాజీకి సరిగ్గా బుర్రకెక్కకముందే ముసలామె రేడియోలో ఊరంతా వినేలా చెప్పేసింది. "ఆ బిడ్డకి బొడ్డు కోసేది నేనే. ఇంకెవరైనా కత్తెర నూరుకుంటూ ఉంటే పక్కన పెట్టేసుకోండి."

మాలో బొడ్డు కోసిన మనిషి బిడ్డకు సనాజీ అవుతుంది. సనాజీ అంటే తయారుచేసిన మనిషి. బిడ్డ పెద్దయి కొట్టిన తొలి పక్షి ఆవిడకే, కుట్టిన తొలి తొడుగుల జత ఆవిడకే. కోసేటప్పుడు ఆవిడ ఏ గుణం పలికితే బిడ్డకు ఆ గుణమే అబ్బుతుంది. సియాసీ చేతి మీదుగా పద్నాలుగు మంది అలా తయారయ్యారు. పస్సా అందులో ఒకతె. ముప్ఫయ్యేళ్ళ కిందట దాని బొడ్డు కోస్తూ, "ఎవరి మాటా ఊరికే నమ్మకు, అన్నీ అడిగి తెలుసుకో" అని పలికింది సియాసీయే. ఇప్పుడా పస్సా ఊరి కాన్పుల ఇంట్లో మంత్రసాని. ఆ గుణంతో వేగాల్సింది కూడా సియాసీయే.

ఎనిమిదో నెల దాటాక ఒక ఉదయం పస్సా అలాసీ పొట్ట తడిమి, తడిమి, మళ్ళీ తడిమింది.

"తల పైనుంది. పిర్రలు కిందున్నాయి."

"నాకు తెలుసు!" అంది సియాసీ. "ఇంట్లోంచి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చావు కదే? ఎన్నిసార్లు చెప్పాను, కడుపుతో ఉన్నది ముందుకి నడిచి గబుక్కున బయటపడాలని!"

"సోఫా మోస్తున్నాం అవ్వా. ఇంకోవైపు జాజీ పట్టుకున్నాడు. ఇద్దరం ముందుకెలా నడుస్తాం?"

"వాణ్ణే వెనక్కి నడిపించాల్సింది. వాడి కడుపులో ఏముంది, టీ తప్ప?"

పస్సా ముసలామె వైపు చూడకుండా అలాసీ పక్కన కూర్చుంది. "ఉన్న దారులు చెప్తాను, విను. బుధవారం డాక్టరమ్మ వస్తుంది. ఇద్దరం కలిసి పొట్ట మీద చేతులతో బిడ్డని తిప్పి చూస్తాం. తిరగొచ్చు, తిరక్కపోవచ్చు, సగం సగం. నొప్పి ఉంటుంది. ఆపమంటే ఆపేస్తాం. లేదంటే విమానమెక్కి దక్షిణానికెళ్ళి పెద్దాసుపత్రిలో కనడం. అక్కడ పొట్ట కోయొచ్చు. కాదు, ఇక్కడే కంటానంటే నిన్ను వెళ్ళగొట్టను. కానీ తల ఇరుక్కుంటే నా దగ్గరున్నవి ఈ రెండు చేతులే. కోసేవాళ్ళు ఇక్కడ లేరు."

"ఇక్కడే కంటుంది" అంది సియాసీ.

"నిన్నడగలేదు సనాజీ."

"నేనడిగించుకోను. చెప్తాను."

పస్సా కబురు పంపిన కాసేపటికి దక్షిణం నుంచి పెద్ద డాక్టరు ఫోన్ వచ్చింది. రేపటి విమానానికి వచ్చేస్తావా అని అలాసీని అడిగాడు, పస్సా ఆ మాట సియాసీకి మా భాషలో చెప్పింది. అలాసీ ముక్కు ముడిచింది. మాలో కనుబొమలు ఎత్తితే ఔను, ముక్కు ముడిస్తే కాదు. ఫోనులో ముక్కు కనిపించదు కదా! డాక్టరుకు వినబడింది మౌనమే. మంచిది, సీటు రాయిస్తానని పెట్టేశాడు.

సియాసీ తొడలు చరుచుకుని నవ్వింది. "అంత చదివి ముక్కు చూడ్డం నేర్చుకోలేదు! రానంది కదరా నాయనా, పిల్ల!"

పస్సా తిరిగి ఫోన్ చేసి ఆ సీటు తీయించేసింది. ఆపైన వచ్చి సియాసీ ఎదుట నిలబడింది. "నువ్వు చూశావుగా ముక్కు. ఆయనేమడిగాడు?"

"వస్తావా అని."

"రేపొస్తావా అని. అది కాదన్నది రేపటి విమానాన్ని. మిగతాదంతా నువ్వు కలుపుకున్నావు. ఆయనకి ముక్కు కనబడక తప్పయింది. కనబడి కూడా తప్పైతే ఏమనాలి?"

డెబ్బై రెండేళ్ళలో సియాసీని అలా నిలదీసినవాళ్ళు లేరు. ఇంటికెళ్ళి మూడు కప్పుల టీ తాగింది, గడ్డకట్టిన చేపను ముక్కలు కోసి మనవరాలి ముందు పెట్టింది. ఆజ్ఞ వేయడానికి మాటలు ఎన్నైనా ఉన్నాయి ఆవిడ దగ్గర, అడగడానికి వెతుక్కోవాల్సి వచ్చింది.

"నీకు... నీకేం చెయ్యాలని ఉందే?"

అలాసీ చేప నములుతూ ఆలోచించింది. "బుధవారం తిప్పించుకుంటాను. తిరక్కపోతే వెళ్తాను. మొదటి కాన్పు, నాకు భయంగా ఉంది అవ్వా. నువ్వూ రా. అక్కడైనా బొడ్డు నువ్వే కొయ్యాలి."

అప్పట్లో సియాసీని తన ఆఖరి కాన్పుకు ఒంటరిగా దక్షిణానికి పంపారు. ఆరు వారాలు ఉడకబెట్టిన బంగాళదుంపలు తిని వచ్చి, ఇంక చచ్చినా ఆ విమానం ఎక్కనంది. ఇప్పుడు అలాసీ రమ్మన్న మర్నాడే పస్సా ఇంటికెళ్ళి, "నన్నేం చెయ్యమంటావు?" అంది.

"ఏమీ చెయ్యమనను. వెళ్తే అక్కడ మూడు వారాలుండాలి. బొడ్డు నువ్వు కొయ్యొచ్చా అని పెద్దాసుపత్రి వాళ్ళని అడిగాను, అన్నీ బాగుంటే సరేనన్నారు. బాగాలేకపోతే గుమ్మం బయటే. దాచకుండా చెప్పాను, ఆలోచించుకో."

"చెయ్యమనీ అనవు, వద్దనీ అనవు! మనిషి దేనికి ఎదురు తిరగాలే మరి?"

బుధవారం నాడు డాక్టరమ్మ, పస్సా పొట్టకు నూనె రాసి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే పెట్టె తగిలించి, నాలుగు చేతులతో నెట్టారు. బిడ్డ పావు వంతు తిరిగింది. సియాసీ మంచం దగ్గరకు జరిగింది. ఇంకొక్క తోపు పడితే తన కత్తెర తన ఊళ్ళోనే!

"ఆపండి" అంది అలాసీ.

నాలుగు చేతులూ ఒక్కసారిగా లేచిపోయాయి. బిడ్డ మెల్లగా జారి మళ్ళీ మొదటిచోటికే పోయింది. ఇంకొంచెం అనే మాట సియాసీ పళ్ళదాకా వచ్చింది. పళ్ళు గట్టిగా బిగించింది. ఆ బిగింపుకి దవడ రెండు రోజులు నొప్పెట్టింది, అయినా ఆ మాట బయటికి రాలేదు. చేత్తో పిల్ల పొట్ట మీది నూనె తుడిచి, "విమానంలో కిటికీ పక్క సీటు నాకు" అంది.

మూడు వారాల తరువాత, బిడ్డ ఇంకా తిరక్కపోవడంతో, పెద్దాసుపత్రిలో పొట్ట కోతకు ముందు ఒక నర్సు వచ్చి సియాసీకి గౌను తొడిగింది. లోపల చలిగా ఉంటుంది, రక్తం కనబడుతుంది, బొడ్డు పొడుగ్గా వదిలి బిడ్డను ముందు బల్ల మీదికి తెస్తాం, మిగిలిన బొడ్డు అక్కడ కోయాలి, ఇష్టం లేకపోతే ఇప్పుడే కాదనవచ్చు అని చెప్పింది. అలాసీ మా భాషలోకి మార్చి చెప్పింది.

"ఇంకోసారి చెప్పమను" అంది సియాసీ.

నర్సు ఇంకోసారి చెప్పింది.

"ఆ కాదనే ముక్క ఇంకోసారి."

"అవ్వా, వాళ్ళు నన్ను లోపలికి తీసుకుపోవాలి!"

"ఉండవే. తెలుసుకుని ఒప్పుకోవాలి కదా నేను."

ఒప్పుకుంది. పుట్టింది ఆడపిల్ల. బొడ్డు జిగటగా, గట్టిగా ఉండి కత్తెర మొదటిసారి జారింది. నర్సు చెయ్యి సాయానికి వచ్చింది. సియాసీ మోచేత్తో ఆ చేతిని పక్కకు నెట్టి, "ముందు అడుగు, తరువాతే చెప్పు" అని బిడ్డకు పలుకుతూ రెండోసారి కోసింది.